ఎఫ్ఐఆర్‌లో పేరుంటే ఉద్యోగం పోయినట్టేనా? వెరిఫికేషన్ గొడవ వెనక కథ

పోలీసు ఉద్యోగాలకు వెరిఫికేషన్ (ఎంపికైనవారి మీద పాత కేసులున్నాయా అనే ఆరా) అనగానే కర్నూలు, కడప, అనంతపురం పల్లెల్లో మళ్లీ అదే టెన్షన్. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ పడితే ఏళ్ల తరబడి గ్రౌండ్‌లో పరుగులు తీసి, పరీక్షలు రాసి గట్టెక్కిన పిల్లలకు చివర్లో భయం పుట్టించేది తమ వివరాలు తామే రాసిచ్చే అటెస్టేషన్ ఫారంలోని ఒకే ప్రశ్న: నీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా?

ఫ్యాక్షన్ చరిత్ర అందరికీ తెలిసిందే, అందులోకి పోను. గట్టు తగాదా జరిగినా ఎదుటి ఇంటి మగవాళ్లందరి పేర్లూ ఫిర్యాదులో రాయించడం ఇక్కడ పాత అలవాటు. ఆ రోజు ఊళ్లోనే లేని కుర్రాడి పేరు కూడా అందులో పడుతుంది. పెద్దలు కూర్చుని రాజీ చేస్తారు, అంతా మర్చిపోతారు, స్టేషన్ రికార్డు మాత్రం అలాగే ఉంటుంది.

అసలు మలుపు 2016 జులై 21న వచ్చింది. అంతకుముందు సుప్రీంకోర్టులో ఒక్కో బెంచ్ ఒక్కోలా చెప్పేది. 2011లో ఢిల్లీ పోలీసు ఉద్యోగం కోసం దరఖాస్తులో కొట్లాట కేసు దాచిన యువకుడిని, కుర్రతనంలో తప్పులు జరుగుతాయంటూ కోర్టు మన్నించింది. వేరే బెంచీలేమో దాచడమే పెద్ద తప్పన్నాయి. ఈ తికమక తీర్చడానికే అవతార్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీలు కూర్చున్నారు. కేసు ఉండటం వేరు, దాన్ని దాచడం వేరు అని విడదీశారు. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి చిన్నపాటి కేసైతే, దాచినా క్షమించవచ్చన్నారు. అన్నిటికన్నా మనకు ముఖ్యమైన మాట ఇంకోటుంది: దాచాడని తప్పు పట్టాలంటే ముందు ఆ సంగతి అతనికి తెలిసి ఉండాలి. తన పేరు ఎఫ్ఐఆర్‌లో ఉందనే తెలియని మన పిల్లలకు ఇంతకంటే పెద్ద ఆధారం లేదు. ఆ కేసు తీవ్రతను శాఖ చూడొచ్చని అదే తీర్పులో ఉంది, కానీ చూడటమంటే కారణం ఆలోచించడం, కళ్లు మూసుకుని కొట్టేయడం కాదు.

చేతికి ఆయుధం ఇస్తున్నాం కాబట్టి జాగ్రత్త తప్పదని శాఖ అంటుంది. కిడ్నాప్ కేసులో సాక్షులు మాట మార్చడంతో బయటపడ్డ వ్యక్తిని తీసుకోనక్కర్లేదని 2021లో సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) కేసులో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది. అది సరే. గట్టు తగాదాను దాంతో కలపడమే అన్యాయం.

ఎవరూ పైకి మాట్లాడనిది మనసు సంగతి. అప్పులతోనో, పరీక్ష పోయిందనో పురుగుల మందు తాగి బతికిన కుర్రాడిని ఆసుపత్రికి తీసుకెళ్తే, అది మెడికో లీగల్ కేసై (పోలీసులకు చెప్పాల్సిన కేసై), ఆత్మహత్యాయత్నం నేరమనే ఐపీసీ సెక్షన్ 309 కింద కేసు పడేది. వైద్యం కావాల్సినవాడు ముద్దాయి అయ్యేవాడు. 2018 మే నుంచి అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్, అలాంటివాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని చెప్పింది. గతంలో చికిత్స తీసుకున్నంత మాత్రాన ఇప్పుడు మానసిక రోగి అని తేల్చకూడదని మూడో సెక్షన్ అంటుంది, వైద్య వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కును 23వ సెక్షన్ ఇచ్చింది. ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 లేదు.

అయినా అనంతపురం నుంచి బెంగళూరు దాకా వెళ్లి మానసిక వైద్యులకు గుట్టుగా చూపించుకుంటున్న కుటుంబాలున్నాయి, రేపు ఉద్యోగానికి అడ్డొస్తుందేమోనని కొందరు మందులే మానేస్తున్నారు. విచారణకు ఊళ్లోకొచ్చే స్పెషల్ బ్రాంచ్ సిబ్బంది 'కేసు ఉంది' అని ఒక్క ముక్క రాసి పోకుండా, ఏ కేసు, ఎంత వయసులో, ఎలా ముగిసింది, అతనికి ముందే తెలుసా అన్నవి కూడా రాయాలి. నియామక అధికారి 2016 తీర్పు ప్రకారం చూడాల్సినవి అవే.