నవంబరు 21 నుంచి ఏం జరుగుతుంది? గ్రంథాలయ వారోత్సవాల వెనుక కథ

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు తెలుగు రాష్ట్రాల్లోని శాఖా గ్రంథాలయాల్లో సందడి ఉంటుంది. గుమ్మానికి మామిడి తోరణం, బల్లల మీద పుస్తక ప్రదర్శన, బడిపిల్లలకు వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం, ముగ్గుల పోటీలు, ఒకరోజు కవి సమ్మేళనం, చివరి రోజు బహుమతులు. 21వ తేదీ ఉదయానికి బ్యానరు మడతపెట్టి బీరువా మీదకు చేరుతుంది. మళ్లీ దినపత్రికలు చదివే నలుగురు పెద్దలు, సొంత పుస్తకాలు తెచ్చుకుని పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్లు మాత్రమే మిగులుతారు. చలికాలపు సాయంత్రాలు ఇంకా రెండు నెలలున్నా గ్రంథాలయం తరఫున ఏ కార్యక్రమమూ ఉండదు. ఏడాది పొడవునా జరగాల్సిన పని వారానికి ఎలా కుదించుకుపోయిందో తెలియాలంటే ఆ తేదీ ఎక్కడ నుంచి వచ్చిందో ముందు చూడాలి.

నవంబరు 14 అనగానే నెహ్రూ పుట్టినరోజు, బాలల దినోత్సవం గుర్తొస్తాయి. గ్రంథాలయాలకు ఆ తేదీ వచ్చింది మాత్రం వేరే దారిన. 1919లో అదే రోజున మద్రాసులో తొలి అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిగింది. బరోడా సంస్థానంలో గ్రంథాలయ శాఖను నడిపిన కుడాల్కర్ దానికి అధ్యక్షుడు. సభను పిలిచిందీ, నడిపించిందీ తెలుగువాళ్లు: ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, దాని వెనుక గ్రంథాలయోద్యమ నాయకుడు అయ్యంకి వెంకటరమణయ్య. భారత గ్రంథాలయ సంఘం 1968 నుంచి ఆ తేదీతో మొదలుపెట్టి జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతోంది. దేశమంతా జరుపుకునే వారానికి మూలం మన దగ్గరుందన్న మాట వారోత్సవాల వేదికల మీద కూడా ఎప్పుడో గాని వినపడదు.

ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది 1914 ఏప్రిల్ 10న, బెజవాడలో. అక్కడ 1911లో వెలసిన రామమోహన గ్రంథాలయం దానికి ఆలంబన. తొలి సభకు చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. అప్పటికే ఊళ్లలో గ్రంథాలయాలు లేకపోలేదు. భీమవరం దగ్గర కుముదవల్లిలో 1897లోనే వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం వెలసింది. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చాయి. ఎక్కడికక్కడ విడివిడిగా నడుస్తున్న వాటిని ఒక తాటి మీదకు తేవడమే సంఘం చేసిన పని.

ఆ తరం గ్రంథాలయాలను ఇవాళ్టి కళ్లతో చూస్తే ఒక సంగతి ఆశ్చర్యం కలిగిస్తుంది. వాటికి చాలాచోట్ల భవనం చివర్లో వచ్చింది, కార్యక్రమం ముందు వచ్చింది. ఎవరిదో అరుగు, సత్రంలో ఒక గది, ఒక పెట్టెడు పుస్తకాలు. చదువురాని వాళ్లే ఎక్కువమంది ఉన్న ఊళ్లలో పుస్తకం అరువిస్తే సరిపోదని వాళ్లకు మొదటి రోజే తెలిసిపోయింది. అందుకే పత్రిక బిగ్గరగా చదివి వినిపించడం, రాత్రిబడి, భజన, హరికథ, ఊరూరా గ్రంథాలయ యాత్రలు. ఇవన్నీ గ్రంథాలయం పనిలో భాగమే. నిజాం ఇలాకాలో పరిస్థితి మరింత కటువు. సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలనే గస్తీ నిషాన్ 53 అన్న ఉత్తర్వు ఉండేది. అలాంటి చోట నలుగురు తెలుగులో చదువుకునే గది ఉండటమే పెద్ద మాట.

ఈ పద్ధతికి చక్కటి ఉదాహరణ పడవ గ్రంథాలయం. 1935లో గ్రంథాలయోద్యమకారుడు పాతూరి నాగభూషణం పూనికతో గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో అది నడిచింది. డెల్టాలో అప్పటి ప్రయాణం చాలావరకు పడవల మీదే. గట్టున మనుషులు తాడు పట్టి లాగితే కదిలే పడవ. కూర్చున్నవాళ్లకు గంటల తరబడి వేరే పనుండదు. పుస్తకం దగ్గరకు జనం రావాలని కాకుండా, జనం ఎక్కడ ఖాళీగా కూర్చుంటారో అక్కడికి పుస్తకాన్ని పంపారు. మన కాలంలో ఈ ఆలోచనను బస్టాండుకో ఆసుపత్రి వరండాకో అన్వయించిన శాఖలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేకపోవడం బాధ కలిగించే విషయం.

ఇంత పని చందాల మీద, పిడికెడు బియ్యం మీద ఎంతకాలం సాగుతుంది? స్థిరమైన ఆదాయం కావాలని సంఘం మొదటి నుంచీ అడుగుతూనే ఉంది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్‌. ఆర్‌. రంగనాథన్ కృషితో వచ్చిన 1948 మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం ఆ కోరిక తీర్చింది. స్వతంత్ర భారతంలో అలాంటిది అదే మొదటిది. ఇంటిపన్ను రూపాయికి ఆరు పైలు, అంటే అర్ధణా, గ్రంథాలయ పన్నుగా వసూలు చేయమంది. హైదరాబాదు రాష్ట్రానికి 1955లో చట్టం వచ్చింది. రెండు ప్రాంతాలకూ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం చేశారు. తెలంగాణ కూడా ఆ చట్టాన్నే తీసుకుంది. జిల్లాకొక గ్రంథాలయ సంస్థ, దాని కింద శాఖా గ్రంథాలయాలు, గ్రామీణ గ్రంథాలయాలు, పుస్తక నిక్షిప్త కేంద్రాలు. పన్ను రేటు సవరణల్లో పెరిగి రూపాయికి ఎనిమిది పైసలైంది.

లెక్క తేలికైనదే. ఇంటిపన్ను వెయ్యి రూపాయలైతే దాని మీద అదనంగా కట్టే ఎనభై రూపాయలు గ్రంథాలయానివి. ఒక పంచాయతీలో ఏడాదికి ఆరు లక్షల ఇంటిపన్ను వసూలైతే గ్రంథాలయ సంస్థకు చేరాల్సింది 48,000. రోజుకు ఐదు పత్రికలు, ఒక్కోటి ఏడు రూపాయలు అనుకుంటే ఏడాదికి 12,775. మిగిలిన దానితో ఒక చిన్న శాఖకు పుస్తకాలు, పిల్లల కార్యక్రమాలు ఏడాదంతా నడపవచ్చు.

చిక్కంతా ‘చేరాల్సింది’ అన్న మాటలోనే ఉంది. ఇంటిపన్ను, నీటిపన్ను, దీపాల పన్ను, గ్రంథాలయ పన్ను అన్నీ ఒకే రసీదు మీద వసూలవుతాయి. డబ్బు పంచాయతీ ఖాతాలో పడ్డాక ముందు వీధిదీపాల బిల్లు, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు తరుముకొస్తాయి. గ్రంథాలయ పన్నును విడిగా లెక్కగట్టి జిల్లా సంస్థకు పంపడం చివరికి మిగిలే పని. అలా ఏళ్ల తరబడి పేరుకునేవే గ్రంథాలయ పన్ను బకాయిలు. పెద్ద మునిసిపాలిటీలు, నగరపాలక సంస్థల దగ్గర ఇవి భారీ మొత్తాలు. పైగా డబ్బు జిల్లా మొత్తానికి కలిపి ఖర్చవుతుంది కాబట్టి, నేను కట్టిన ఎనభై రూపాయలకు మా ఊరి గ్రంథాలయంలో ఏం వచ్చిందో ఎవరికీ కనపడదు. కనపడని దాన్ని అడిగేవాళ్లూ ఉండరు.

చట్టం వల్ల పోయింది ఇంకొకటి ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడతారు. ఊరి సంఘాల గ్రంథాలయాలు జిల్లా సంస్థల చేతికి వెళ్లాక ఆ ఊరి కార్యవర్గాలు చాలావరకు కరిగిపోయాయి. జీతం తీసుకునే గ్రంథాలయాధికారి వచ్చారు, అది కావలసిందే. కాని పౌర్ణమికి సభ పెట్టే యువకులు, రాత్రిబడి చూసుకునే మాస్టారు, లెక్కలు రాసే కరణం పక్కకు తప్పుకున్నారు. ఇవాళ ఖాళీలు నింపక ఒకే ఉద్యోగి రెండు మూడు శాఖలు చూసుకునే చోట, వారోత్సవాలు తప్ప ఇంకేమీ జరగకపోవడంలో వింత లేదు. ఊరి సంఘమే నిలబెట్టుకున్న చోట సంగతి వేరు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనానికి పాత పత్రికల కోసం పరిశోధకులు ఇప్పటికీ వెళుతున్నారు.

ఇక వారోత్సవాల్లో ఎక్కడ బెడిసికొడుతుందో చూద్దాం. 14వ తేదీ ఉదయం బడిలోనే బాలల దినోత్సవం ఉంటుంది. అదే వేళకు గ్రంథాలయంలో ప్రారంభసభ పెడితే పిల్లలను వరసగా తెచ్చి ఎండలో నిలబెట్టడం, అతిథి రాక కోసం ఎదురుచూడటం తప్పదు. నాలుగింటికి పెడితే ఆ ఇబ్బంది ఉండదు. ప్రదర్శన బల్ల మీది పుస్తకాలు ‘ముట్టుకోవద్దు, వారం అయ్యాక ఇస్తాం’ అనడం మరీ పెద్ద పొరపాటు. ఆ బొమ్మల పుస్తకం కోసం పిల్లవాడు మళ్లీ రాడు. బీరువాలు మొత్తం ఖాళీ చేయకుండా 150 నుంచి 200 పుస్తకాలు ఎంచి, పిల్లలవి వాళ్ల నడుమెత్తు బల్ల మీద అట్ట కనపడేలా పెట్టి, పక్కనే అరువు రిజిస్టరు తెరిచి ఉంచాలి. సభ్యత్వ ఫారాలు 10, 11 తేదీల్లోనే ప్రధానోపాధ్యాయుల ద్వారా బడికి పంపి, తల్లిదండ్రుల సంతకం, డిపాజిట్టు ముందే తెచ్చుకుంటే 14 సాయంత్రం పిల్లలు పుస్తకంతోనే ఇంటికి వెళతారు. ఎన్ని బహుమతులిచ్చామన్నది కాదు, 21న ఎన్ని పుస్తకాలు బయట ఉన్నాయన్నదే వారం ఎలా జరిగిందో చెబుతుంది.

కోస్తాలో ఈ వారం తుపాను కాలం. 1977 దివిసీమ ఉప్పెన వచ్చింది నవంబరు 19న. అంత పెద్దది కాకపోయినా నాలుగు రోజులు ముసురు పడితే చాలు, మూసిన బీరువాలో బూజు వాసన మొదలవుతుంది. వాన వెలిశాక తలుపులు తెరిచి ఫ్యాను గాలి ఆడనివ్వాలి. తడిసిన పుస్తకాన్ని నిలువుగా, కొద్దిగా విప్పి నిలబెట్టి, ఇరవై పేజీలకొక పాత పత్రిక కాగితం పెట్టి, అది తడవగానే మారుస్తుండాలి. రెండు రోజుల్లోపు ఆరకపోతే బూజు పడుతుంది. ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది గాని కాగితం పచ్చబడి, వెన్ను జిగురు పగులుతుంది. బీరువాను గోడకు బెత్తెడు దూరం జరిపితే చెమ్మా పట్టదు, చెదలు ఎక్కితే ముందే కంటపడుతుంది.

21 తర్వాత సంక్రాంతి దాకా ఒక చిన్న శాఖ చేయగలిగింది ఏమిటి? మూడు పనులు చాలు. మొదటిది, వారానికి రెండు సాయంత్రాలు కథల గంట. పేరుకు గంటే, ముప్పావుగంట మించితే చిన్నపిల్లలు కుదురుగా ఉండరు. నాలుగున్నరకు మొదలుపెట్టి ఐదుంబావుకు ముగించాలి. ఈ రోజుల్లో ఆరు కాకముందే పొద్దుగూకుతుంది, చీకటి పడితే ఆడపిల్లలను పంపరు. ఆరింటికి పెట్టిన కార్యక్రమాలు ఆగిపోయేది ఇందుకే. రెండోది, పోటీ పరీక్షల వాళ్లకూ పిల్లలకూ వేళలు విడగొట్టడం. శబ్దం గురించి ఆ కుర్రాళ్లు అడిగేది న్యాయమే. ఉద్యోగ ప్రకటన కోసం కళ్లు కాయలు కాచేలా చూసేవాళ్లకు ఊళ్లో మరో నిశ్శబ్దమైన చోటు లేదు. కథల గంటకు వరండా, చదువుకు హాలు. వాళ్లలో ఇద్దరు వారానికి ఒకసారి పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పడానికి సిద్ధంగా ఉంటారు, అడిగే మనిషి కావాలి అంతే. మూడోది పాతదే: పత్రిక చదివి వినిపించడం. శుక్లాలతో అక్షరం ఆనని పెద్దలకు హైస్కూలు పిల్లలు అరగంట చదివితే ఆ పిల్లల ఉచ్చారణ కూడా చక్కబడుతుంది. ఒకే ఒక్క హెచ్చరిక, వార్త ఎంపిక వినేవాళ్లదే కావాలి. పిల్లలకు సులువుగా ఉందని సినిమా పేజీ చదివితే మూడో రోజుకు వినేవాళ్లుండరు.

వీటికి ఒక్క ఉద్యోగి చాలరు. ఊళ్లో ఐదుగురి చిన్న కమిటీ కావాలి. ఒక రిటైర్డు మాస్టారు, ఒక మహిళా సంఘం సభ్యురాలు, పోటీ పరీక్షలకు చదివే ఒకరు, బడి నుంచి ఒకరు, పంచాయతీ వార్డు సభ్యుల్లో ఒకరు. చివరి వ్యక్తి ఉండటం ముఖ్యం, పన్ను లెక్క అడగాల్సింది అక్కడే కాబట్టి. ఎవరు ఎంత పన్ను కట్టాలో రాసే పంచాయతీ డిమాండు రిజిస్టరులో గ్రంథాలయ పన్ను విడిగా కనిపించాలి. గడచిన మూడేళ్లలో ఈ పన్ను కింద డిమాండు ఎంత, వసూలైంది ఎంత, జిల్లా గ్రంథాలయ సంస్థకు ఏ తేదీన ఎంత జమ చేశారు అని మూడు ప్రశ్నలు రాస్తే సరిపోతుంది. నోటిమాటగా చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు పెట్టవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో దానికి రుసుము లేదు, జవాబుకు గడువు ముప్పై రోజులు. నవంబరు 21న ఇస్తే కొత్త బడ్జెట్టు తయారయ్యేలోపు అంకెలు చేతికొస్తాయి.