నీలి తిమింగలం కొలతలు ఎక్కడి నుంచి వచ్చాయి?

అంతర్వేది నుంచి భైరవపాలెం దాకా ఉన్న గోదావరి డెల్టా తీరంలో ఏ పెద్ద సముద్ర జంతువు కళేబరం కొట్టుకొచ్చినా, సాయంత్రానికల్లా దానికి నీలి తిమింగలం అన్న పేరు స్థిరపడిపోతుంది. పొడవును కంటి అంచనాతో అడుగుల్లో చెబుతారు, బరువును విన్నవారు విన్నట్టు టన్నుల్లో పెంచుతారు, దుర్వాసన భరించలేని స్థితి రాకముందే పొక్లెయిన్‌తో గొయ్యి తీసి పూడ్చేస్తారు. అది నిజంగా నీలి తిమింగలమా, దానికన్నా చాలా చిన్నదైన బ్రైడ్స్ తిమింగలమా, లేక అసలు తిమింగలమే కాని తిమింగల సొర అనే చేపా అన్నది చాలాసార్లు తేలకుండానే ఉండిపోతుంది. ఈ జంతువు పరిమాణం గురించి నేడు మనం చదివే అంకెలు ఎలా పోగయ్యాయో తెలిస్తే, కొలవకుండా పూడ్చడంలో ఎంత పోతున్నదో తెలుస్తుంది.

స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ 1758లోనే నీలి తిమింగలం జాతికి శాస్త్రీయ నామం పెట్టాడు. మన సముద్రానికి సంబంధించిన కథ మాత్రం బంగాళాఖాతం ఆవలి ఒడ్డున మొదలైంది. 1851లో బర్మాలోని అరకాన్ తీరంలో ఒడ్డుకు చేరిన ఒక భారీ తిమింగలం ఎముకల ఆధారంగా, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం బాధ్యతలు చూసిన ఎడ్వర్డ్ బ్లైత్ 1859లో దానికి 'ఇండికా' అనే పేరు ఇచ్చాడు. ఉత్తర హిందూ మహాసముద్రపు నీలి తిమింగలాలను ఉపజాతిగా గుర్తించేవారు నేటికీ వాడుతున్నది ఆ పేరే. ఒడ్డున దొరికిన ఎముకలను ఎవరో ఒకరు భద్రపరచబట్టే అది సాధ్యమైంది.

అప్పటికి ఈ జంతువును వేటాడడం మనిషికి చేతకాలేదు. అది పడవలకన్నా వేగంగా ఈదేది, చంపినా నీటిలో మునిగిపోయేది. నార్వేకు చెందిన స్వెండ్ ఫోయిన్ 1860లలో ఆవిరి నౌకనూ, కొనలో పేలుడు మందు అమర్చిన ఈటెను ప్రయోగించే ఫిరంగినీ జతచేయడంతో ఆ రక్షణ పోయింది. 1904లో అంటార్కిటికా వైపున ఉన్న దక్షిణ జార్జియా ద్వీపంలోని గ్రిట్‌వికెన్‌లో తిమింగలాల కర్మాగారం వెలసింది. తర్వాత పట్టిన తిమింగలాన్ని సముద్రంలోనే కోసి నూనె తీసే ఫ్యాక్టరీ ఓడలు వచ్చాయి. 1930-31 ఒక్క వేట కాలంలోనే అంటార్కిటికా జలాల్లో 29 వేలకు పైగా నీలి తిమింగలాలను చంపారు. వేట పరిమితులను సైతం 'నీలి తిమింగలం యూనిట్'లోనే లెక్కించేవారు. ఒక నీలి తిమింగలానికి రెండు ఫిన్ తిమింగలాలు, లేదా రెండున్నర హంప్‌బ్యాక్‌లు, లేదా ఆరు సెయి తిమింగలాలు సమానమన్నమాట. ఒక్క ఈటెకు అన్నిటికన్నా ఎక్కువ నూనె ఇచ్చేది కాబట్టి వేటగాళ్లు ముందుగా దీన్నే వెంటాడారు. ఆ దేహపు పరిమాణమే దాని పాలిట శాపమైంది.

ఈ జంతువు శరీర నిర్మాణం గురించి మనకు తెలిసినదానిలో అధిక భాగం ఆ వధ్యశాలల నేల మీదే రాసుకున్నది. 1925 నుంచి బ్రిటన్ చేపట్టిన 'డిస్కవరీ' అనే సముద్ర పరిశోధన కార్యక్రమపు శాస్త్రవేత్తలు గ్రిట్‌వికెన్‌లోనే మకాం పెట్టి, కోతకు వచ్చిన 1,600కు పైగా తిమింగలాలను ఒక పద్ధతి ప్రకారం కొలిచారు. ముట్టె కొన నుంచి తోక రెక్కల మధ్య నొక్కు వరకు, ఒంటి వంపుల మీదుగా కాకుండా తిన్నని గీతలో టేపు పట్టాలన్నది ఆ పద్ధతిలో ముఖ్యమైన నియమం. వంపుల మీదుగా కొలిస్తే పొడవు పెరిగిపోతుంది. 1909లో అక్కడే 33.5 మీటర్ల ఆడ తిమింగలం దొరికిందన్న రికార్డు ఉన్నా, నిపుణులు నమ్మదగిన గరిష్ఠంగా 30 మీటర్ల దగ్గరే ఆగుతారు. బరువు సంగతి ఇంకా కష్టం. ఇంత దేహాన్ని ఎత్తే త్రాసు లేదు గనుక ముక్కలుగా కోసి తూచేవారు. కారిపోయిన రక్తం లెక్కలోకి వచ్చేది కాదు. 150 టన్నులు దాటిన బరువులు నమోదైన మాట నిజమే గానీ, అవి అంటార్కిటికాలో మేత పుష్కలంగా తిని కొవ్వు పట్టిన పెద్ద ఆడవి. హిందూ మహాసముద్రంలో కనిపించే పిగ్మీ అనే పొట్టి రకం నీలి తిమింగలం పొడవు 24 మీటర్లకు మించదు. కాబట్టి మన తీరంలో దొరికిన దానికి పాఠ్యపుస్తకంలోని గరిష్ఠ కొలతలు అంటగట్టడం సరికాదు.

ఇంత దేహం ఎలా నడుస్తుందన్నది నాకు ఎప్పటికీ తరగని విస్మయం. నాలుక ఒక్కటే ఏనుగంత బరువు తూగుతుంది. పళ్లు ఉండవు. పై దవడకు ఇరువైపులా మూడు నాలుగు వందల చొప్పున నల్లని బెలీన్ పలకలు వేలాడుతుంటాయి. గడ్డం నుంచి బొడ్డు దాకా ఉన్న పొడవాటి మడతలు నోరు తెరిచినప్పుడు విచ్చుకుని, దాదాపు తన ఒంటి బరువుతో పోల్చదగినంత నీటిని లోపలికి తీసుకుంటాయి. నాలుకతో ఆ నీటిని బయటికి నెట్టగా పలకల లోపలి అంచు కుచ్చుల్లో మిగిలే క్రిల్ అనే చిట్టి రొయ్యల్లాంటి జీవులే దాని ఆహారం. గొంతు ఇరుకు కావడం వల్ల పెద్ద చేపను కూడా అది మింగలేదు. పిల్ల పుట్టేటప్పటికే ఏడు మీటర్లు ఉంటుంది, పాలు తాగే నెలల్లో రోజుకు 90 కిలోల దాకా పెరుగుతుంది. ఈ బరువునంతా మోసేది నీరే. ఇసుక మీద పడ్డ క్షణం నుంచి సొంత బరువే ఊపిరితిత్తులను అదుముతుంది, మందపాటి కొవ్వు పొర వల్ల ఒంటి వేడి బయటికి పోదు. అందుకే బతికుండగా ఒడ్డెక్కిన పెద్ద తిమింగలాన్ని తిరిగి నీళ్లలోకి పంపడం దాదాపు అసాధ్యం.

మన వైపు ఇవి అరుదుగా కనిపించడానికి ఒక కారణంలో గోదావరికీ భాగం ఉంది. వరదకాలంలో ఎర్రనీరు మొగల దగ్గర సముద్రంలో కలిసినట్టే గంగా బ్రహ్మపుత్రలు, ఇరావతి, మహానది, కృష్ణా తెచ్చే మంచినీరు కూడా బంగాళాఖాతం మీద తేలికపాటి పొరగా పరుచుకుంటుంది. అడుగున ఉన్న పోషకాలు ఆ పొరను దాటి పైకి రావడం కష్టం. అందువల్ల అరేబియా సముద్రంతో పోలిస్తే ఇక్కడ తిమింగలాలకు మేత తక్కువ. శ్రీలంక చుట్టూ, అరేబియా సముద్రంలోనూ అడుగు నీరు పైకి ఉబికే చోట్లనే అవి ఎక్కువగా చేరతాయి. అక్కడా వాటికి రక్షణ దొరకలేదు. 1963-66 మధ్య సోవియట్ నౌకలు ఉత్తర హిందూ మహాసముద్రంలో దాదాపు 1,300 నీలి తిమింగలాలను చంపి, ఆ సంగతి దాచిపెట్టాయి. అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ నీలి తిమింగలానికి రక్షణ కల్పించిన కాలం కూడా సరిగ్గా అదే. హిందూ మహాసముద్రాన్ని అభయారణ్యంగా ప్రకటించింది 1979లో.

వేట ఆగాక కొత్త విషయాలు తెలియడానికి మిగిలిన దారుల్లో ఒడ్డుకు వచ్చిన కళేబరం ఒకటి. 2014లో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరానికి కొట్టుకొచ్చిన నీలి తిమింగలం నుంచి రాయల్ ఒంటారియో మ్యూజియం వారు గుండెను చెడకుండా బయటికి తీసి భద్రపరిచారు. కారంత గుండె అని పుస్తకాలు దశాబ్దాలుగా చెప్పిన అవయవం చివరికి సుమారు 180 కిలోలు తూగింది. ఆ గుండె ఎలా కొట్టుకుంటుందో 2019లో తెలిసింది. కాలిఫోర్నియా దగ్గర బతికున్న తిమింగలానికి చూషకాలతో పరికరం అతికించి చూడగా, లోతుకు మునిగినప్పుడు నిమిషానికి రెండుసార్లకు కూడా తగ్గిన గుండె, పైకి వచ్చి ఊపిరి పీల్చుకునేటప్పుడు 37 సార్ల దాకా కొట్టుకుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తిమింగలాలకు అత్యున్నత రక్షణ ఇచ్చింది. ఒడ్డుకు చేరిన పెద్ద సముద్ర జీవుల విషయంలో ఏం చేయాలో కేంద్ర పర్యావరణ శాఖ 2021 జనవరిలో మార్గదర్శకాలు విడుదల చేసింది. డెల్టా గ్రామాల్లో కళేబరాన్ని మొదట చూసేది వేటకు వెళ్లివచ్చే మత్స్యకారులే కాబట్టి, అటవీ సిబ్బంది చేరేలోపు నాలుగు ఫోటోలు తీసినా చాలు. తోక నిలువుగా ఉంటే అది సొర, అడ్డంగా పరుచుకుని ఉంటే తిమింగలం. కింది దవడకు పళ్లుంటే అది బెలీన్ జాతి కాదు. తల మీద మూడు గట్లు సమాంతరంగా ఉంటే బ్రైడ్స్ తిమింగలం కావచ్చు. పలకలూ వాటి కుచ్చులూ పూర్తిగా నల్లగా ఉండి, వీపు మీది రెక్క ఒంటికి తగనంత చిన్నదిగా బాగా వెనక్కి ఉంటే నీలి తిమింగలమని అనుమానించాలి. ముట్టె కొన నుంచి తోక నొక్కు దాకా తిన్నగా పట్టిన తాడు పొడవును నమోదు చేసి, ఒక పలకనూ కొంచెం చర్మాన్నీ అటవీ శాఖ ద్వారా పరిశోధకులకు పంపిన తర్వాతే గొయ్యి తీయాలి. పూడ్చిన చోటును గుర్తుపెట్టి ఉంచితే, మాంసం కుళ్లిపోయాక ఆ ఎముకలను తవ్వి తీసి కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో నిలబెట్టవచ్చు.