చింతమాను తొర్ర ఎవరు తొలిచారు?

చిరంజీవులు చిన్నికి, బాబీకి తాతయ్య ఆశీస్సులు.

చింతమాను తొర్రలోని పైడికంటి గొప్పదా, అదే మానుకు పలకలా పుట్టిన చెక్క పుట్టగొడుగు గొప్పదా అని అడిగారు. రెండూ ఇంకొకరిని తిని బతికేవే. తినే తీరు చూడండి.

పైడికంటి జానెడు గుడ్లగూబ. పొద్దుగూకగానే తీగ మీద వాలి, తల కిందికీ పైకీ ఆడిస్తూ మనల్నే గుడ్లురిమి చూస్తుంది. అది కూస్తే కీడంటారు గానీ, ఆ మాట పట్టించుకోకండి. మిడతనో చిట్టెలుకనో కాలిగోళ్లతో పట్టి మింగుతుంది. అరగని ఎముకలు, బొచ్చు, పురుగు పెంకులు ఉండకట్టి కక్కేస్తుంది. చెట్టు కింద దొరికితే పుల్లతో విప్పి చూడండి.

పుట్టగొడుగుకు నోరు లేదు, పొట్ట లేదు. మీకు కనిపించే పలక దానికి కాయలాంటిది. అసలు ఒళ్లంతా మాను లోపల సన్నటి పోగులుగా అల్లుకుని ఉంటుంది. ఆ పోగులు ఎంజైములు బయటికి వదిలి, చెక్కను అక్కడే కరిగించి పీల్చుకుంటాయి. మనం మింగి అరిగించుకుంటాం, అది అరిగించి మింగుతుంది! చెక్కకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను విరగ్గొట్టగల జీవులు లోకంలో చాలా తక్కువ. కొన్ని శిలీంధ్రాలు, అంటే ఈ పుట్టగొడుగు జాతి జీవులు, దాన్ని కూడా తినేసి తెల్లటి పీచు మిగులుస్తాయి. కొన్ని దాన్ని వదిలేస్తే చెక్క గోధుమరంగు పెళ్లలుగా పగిలిపోతుంది.

పలక అడుగున సూదితో పొడిచినట్టు రంధ్రాలుంటాయి. పైడికంటి పెట్టేది మూడో నాలుగో గుడ్లు. ఈ రంధ్రాల్లోంచి విత్తనాల్లాంటి సిద్ధబీజాలు కోట్లలో రాలతాయి. అన్నట్టు, శిలీంధ్రాలు మొక్కలకన్నా జంతువులకే దగ్గరి చుట్టాలు. వాటి కణాల గోడల్లోని కైటిన్ అనే గట్టి పదార్థమే మిడత పెంకులోనూ ఉంటుంది.

నా ఓటు మాత్రం పుట్టగొడుగుకే. ఎందుకంటే పైడికంటి ముక్కు చెక్కను తొలవలేదు. మాను నడుమనుండే చేవ చచ్చిన కలప, నీళ్లు మోసేది దాని చుట్టూ ఉన్న పొరలే. కొమ్మ విరిగిన చోట దూరిన శిలీంధ్రం ఏళ్ల తరబడి చేవను తిని గుల్ల చేస్తేనే పిట్టకు ఇల్లు. చెట్టు మాత్రం ఎప్పట్లాగే కాస్తుంది. అన్నీ ఇంత మంచివి కావులెండి, కోనసీమ కొబ్బరిరైతును కొబ్బరిచెట్లను కుళ్లబెట్టే గానోడెర్మా అనే శిలీంధ్రం గురించి అడిగితే తిట్టిపోస్తాడు.

తొర్రలో చెయ్యి పెట్టకండి, పాములుంటాయి. మీ నాన్న దాన్ని సిమెంటుతో పూడ్పిస్తానంటున్నాడట. గూడు ఉన్నన్నాళ్లూ వద్దని నా మాటగా చెప్పండి.

మీ తాతయ్య