వెనక్కి లెక్కపెట్టి వేసే విత్తనాలు

ఎడిసన్, న్యూజెర్సీ
ఆగస్టు మొదటి వారం

పిల్లలూ, మీ అందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న తెలుగు క్లాసులో మీలో ఒకరు, "వేసవి అయిపోవస్తోంది కదా తాతయ్యా, ఇంక పెరట్లో ఏం పనుంటుంది?" అని అడిగారు. చాలా పనుంది. అది తీరిగ్గా చెప్పాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడ మనవాళ్ళు మే నెల రాగానే బెండ, వంగ, గోంగూర, దోస, టమాటా అన్నీ ఒక్కసారే వేసేస్తారు. ఆగస్టు దాకా ఒకటే హడావిడి. ఆ తర్వాత స్కూళ్ళు తెరుస్తారు, పెరడు సంగతి ఎవరికీ పట్టదు. నాకు నచ్చనిది అదే. మెంతికూర, కొత్తిమీర, పాలకూర, ముల్లంగి మనం రోజూ తినేవే కదా, అవి ఇక్కడ ఫాల్‌లోనే, అంటే ఆకులు రాలే కాలంలోనే, బాగా వస్తాయి. మే చివర కొత్తిమీర చల్లితే జూన్, జూలై ఎండలకి కాడ సాగి పూతకొచ్చేస్తుంది, ఆకు దక్కదు. అదే ఆగస్టు చివర చల్లి చూడండి. చల్లదనానికి పూత జోలికి పోకుండా ఆకు ఒత్తుగా వేస్తుంది.

ఎప్పుడు వేయాలనేదే అసలు కిటుకు. మన ఊళ్ళలో రైతులు ఆశ్లేష, మఖ, పుబ్బ అంటూ కార్తెలు చూసుకుని, వానని బట్టి విత్తుతారు. అక్కడ వాన ముఖ్యం. ఇక్కడ ఫ్రాస్ట్ ముఖ్యం. ఉష్ణోగ్రత 32 ఫారెన్‌హీట్ డిగ్రీలకి దిగి ఆకుల మీద మంచు గడ్డకట్టే రాత్రి, మా చుట్టుపక్కల మామూలుగా అక్టోబరు రెండో సగంలో వస్తుంది. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి.

బీట్‌రూట్ తీసుకుందాం. విత్తనాల ప్యాకెట్ వెనక 55 రోజులని ఉందనుకోండి. దానికి ఇంకో 14 రోజులు కలపండి, 69 అయింది. ఫ్రాస్ట్ అక్టోబరు 20న అనుకుంటే, 69 రోజులు వెనక్కి వెళ్తే ఆగస్టు 12. అంటే వచ్చే వారమే! ముల్లంగికి 28 రోజులే, కాబట్టి సెప్టెంబరు మొదటి వారం దాకా టైముంది.

ఆ 14 రోజులు ఎందుకంటే, ప్యాకెట్ మీద ఉండేది పగళ్ళు పొడుగ్గా ఉన్నప్పటి లెక్క. ఇప్పుడు ఇక్కడ పగలు దాదాపు 14 గంటలుంది, అక్టోబరు నెలాఖరుకి పదిన్నరకి పడిపోతుంది. నవంబరు మధ్యలో పది గంటలకన్నా తగ్గాక మొక్క బతికే ఉంటుంది గానీ ఎదుగుదల ఇంచుమించు ఆగిపోతుంది. హైదరాబాదులో డిసెంబరులో కూడా పగలు 11 గంటలుంటుంది. అందుకే అక్కడి మీ బంధువులకి ఈ టెన్షన్ లేదు.

అన్ని మొక్కలూ ఫ్రాస్ట్‌కి ఒకేలా భయపడవు. బెండ, వంగ, టమాటా, బీన్స్, గోంగూర, తోటకూర ఒక్క రాత్రిలో నల్లబడి వాలిపోతాయి. వాటిని ఇప్పుడు కొత్తగా వేయకండి. క్యారెట్, కేల్, బీట్‌రూట్, పాలకూర లాంటివి మాత్రం గట్టివి. చలి తగిలేకొద్దీ అవి తమలో దాచుకున్న పిండిపదార్థంలో కొంత చక్కెరగా మార్చుకుంటాయి. చక్కెర కలిసిన నీరు అంత తొందరగా గడ్డకట్టదు. స్నో పడేముందు మన రోడ్ల మీద ఉప్పు చల్లుతారే, అలాంటి ఏర్పాటే ఇదీ. అందుకే నవంబరులో తవ్విన క్యారెట్ తియ్యగా ఉంటుంది. అది తిన్నాక కొట్లో కొన్న క్యారెట్ నాకైతే సహించదు.

తమాషా ఏమిటంటే, చలిపంటకి విత్తనం మాత్రం మండే ఎండలో వేయాలి. నేల 85 డిగ్రీలు దాటితే లెట్యూస్, పాలకూర గింజలు సరిగ్గా మొలవవు. వాటిని ఆగస్టు చివరికి ఆపండి. క్యారెట్‌కి అంత ఆగే టైము లేదు, ఈ వారమే వేసేయండి. ముందు సాలు తీసి అందులోనే నీళ్ళు పోయండి, ఆ తడి మీద గింజలు చల్లి పల్చగా మట్టి కప్పండి. పైన తడిపిన గోనెపట్టా పరవండి. క్యారెట్ మొలవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, అంతవరకూ పైమట్టి ఆరకూడదు. నాలుగో రోజు నుంచి గోనె ఎత్తి చూస్తూ, మొలక కనబడగానే తీసేయండి, లేకపోతే మొలకలు పాలిపోతాయి.

మెంతికూరకి ఇంత తతంగం లేదు. వంటింట్లో మెంతులే రాత్రి నానబెట్టి చల్లండి, నెలలోపే కోసుకోవచ్చు. ధనియాలైతే అరచేతుల మధ్య నలిపి రెండు బద్దలు చేసి వేయాలి.

క్యాబేజీ, కేల్ వేసినచోట తెల్ల సీతాకోకచిలుకలు తిరుగుతుంటే మురిసిపోకండి. అవి ఆకుల మీద గుడ్లు పెడతాయి, అందులోంచి వచ్చిన పచ్చ పురుగులు ఆకుల్ని జల్లెడ చేస్తాయి. నాటినరోజే పల్చటి వల కప్పేయండి. ఇక జింకల గురించి ఏం చెప్పను! వాటిని చూసి ముచ్చటపడేది పెరట్లో ఏమీ వేయనివాళ్ళే. కంచె వేయించమని మీ నాన్నగారికి ఇప్పుడే చెప్పండి.

అక్టోబరులో ఫోన్‌లో ఫ్రాస్ట్ హెచ్చరిక వచ్చిన సాయంత్రం, గోంగూర మొత్తం దూసేయండి, టమాటాలు పచ్చివైనా సరే కోసేయండి. రెండూ పచ్చడికి పనికొస్తాయి. పాలకూర, కొత్తిమీర మీద పాత దుప్పటి కప్పి, పొద్దున ఎండ రాగానే తీసేస్తే చాలు. బెండ మొక్కలు పీకేసిన మడిలో కంపోస్ట్ కలిపి, నెలాఖరులోగా వెల్లుల్లి రెబ్బలు మొన పైకి వచ్చేలా రెండంగుళాల లోతున గుచ్చండి. పైన ఎండుటాకులు పరిచి చలికాలమంతా వదిలేయండి. వచ్చే జూలైకి తవ్వుకోవచ్చు.

ఇట్లు
మీ తాతయ్య