లిఫ్టు ఆగిపోయిన వారం

అమ్మడికీ, అమ్మడి స్నేహితులందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో ఒక ప్రశ్న అడిగావు గుర్తుందా? "మా అపార్టుమెంటులో లిఫ్టు పాడైన వారమంతా అందరూ మెట్ల మీద ఆగి ఆగి కబుర్లు చెప్పుకున్నారు తాతయ్యా, బాగవ్వగానే మళ్ళీ ఎవరి తలుపులు వాళ్ళు వేసేసుకున్నారు, ఎందుకలా?" అని. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. మీ వాళ్ళందరికీ చదివి వినిపించు.

లిఫ్టెక్కితే నేరుగా మన గుమ్మం ముందే దిగుతాం. అదే మెట్లయితే రెండో అంతస్తుకు వచ్చేసరికి ఆయాసం, ఆగుతాం, పక్కన ఎవరో బియ్యం సంచి మోసుకుంటూ కనిపిస్తారు, ఓ చెయ్యి వేస్తాం, "ఏ ఫ్లాటండీ మీది?" అంటాం. అంతే. కాసేపు ఆగడానికి ఒక చోటు, ఒకరితో ఒకరికి చిన్నదో పెద్దదో ఒక అవసరం, ఈ రెండూ ఉన్న వీధిలో మనుషులు సంతోషంగా ఉంటారు. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

మీ అమ్మ పాలు తోడుపెట్టడం చూశావా? గిన్నెడు పాలకు చెంచాడు పెరుగు చాలు. మా చిన్నప్పుడు ఆ చెంచాడూ ఇంట్లో మిగలకపోతే చిన్న గిన్నె చేతికిచ్చి పక్కింటికి పంపేవారు. మర్నాడు వాళ్ళకు లేకపోతే మా పెరుగే వాళ్ళింటికి వెళ్ళేది. వీధిలో స్నేహం కూడా అచ్చం ఇలాగే. పాలు మరీ వేడిగా ఉండగా వేస్తే పెరుగు చెడుతుంది, కొత్తగా దిగినవాళ్ళింటికి మొదటి రోజే వెళ్ళి జీతమెంత, పిల్లకి పెళ్ళెప్పుడు అని అడిగినట్టు. బాగా చల్లారాక వేస్తే తోడుకోదు. ఏడాదంతా పలకరించకుండా ఉండి ఒకరోజు నవ్వామనుకో, వీళ్ళకేదో పని పడిందిలే అనుకుంటారు. గోరువెచ్చగా ఉండగా వెయ్యాలి, వేశాక గిన్నె కదపకూడదు, మాటిమాటికీ మూత తీసి చూడకూడదు. చలికాలంలో ఆలస్యమవుతుంది, అప్పుడు గిన్నెకు గుడ్డ చుట్టి ఉంచుతారు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ దగ్గర కూడా అలాగే ఇంకాస్త ఓపిక పట్టాలమ్మా, ఒకసారి పలకలేదని వదిలెయ్యకూడదు.

మా కోనసీమ ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ గుమ్మానికి అటూ ఇటూ అరుగులుండేవి. ఎండలో వచ్చిన పోస్టుమాన్ అక్కడ కూర్చుని మంచినీళ్ళు అడిగేవాడు, సాయంత్రం ఆడవాళ్ళు విస్తళ్ళు కుట్టుకుంటూ కూర్చునేవారు. ఆవకాయ రోజులొస్తే మరీ సందడి. టెంకతో సహా కాయ తెగ్గొట్టే పెద్ద కత్తిపీట వీధి మొత్తానికి ఒక్కటే ఉండేది, అది ఏ ఇంటికి వెళ్తే ఆ ఇంటి అరుగు మీదికి అందరూ చేరేవారు. ముక్కలో జీడి తీసి, టెంకనంటుకున్న పల్చటి పొరని గుడ్డతో తుడవడం పిల్లల పని, వేళ్ళు పసరుతో నల్లబడేవి. అంతా జాడీకెత్తాక, కలిపిన పళ్ళెంలో అంటుకున్న కారంలోనే వేడన్నం, నూనె వేసి కలిపి మా అందరికీ ముద్దలు పెట్టేవారు. ఎవరి పిల్లలన్న లెక్కే లేదు, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా చెయ్యి మళ్ళీ చాచేవాళ్ళం.

తర్వాత ఆ అరుగులు కొట్టేసి బైకు ఎక్కించడానికి ర్యాంపులు కట్టారు. నాకిప్పటికీ బాధే. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే ఆచార్యుడు ఒకేలాంటివే అయినా బండ్ల రద్దీలో మాత్రం తేడా ఉన్న మూడు వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి, ఈ వీధిలో మీకు స్నేహితులెంతమంది అని అడిగాడు. రోజుకు 2,000 బండ్లు పోయే వీధిలో మనిషికి సగటున ముగ్గురు స్నేహితులు ఆ వీధిలోనే ఉన్నారు, 16,000 బండ్లు పోయేచోట ఒక్కరు కూడా పూర్తిగా లేరు, 0.9! బండ్లు తక్కువున్న వీధిలో జనం ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని కబుర్లాడేవారట, అంటే మా అరుగులే కదా. మన హైదరాబాద్‌లో 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపేసినప్పుడు పిల్లాపాపలతో జనం ఎలా వచ్చారో మీ నాన్ననడుగు.

అలాగని లిఫ్టు వద్దనను. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అది కావాలి. కానీ ఏ చుట్టరికమూ లేని మనిషి "ఏమ్మా, అన్నం తిన్నావా?" అంటే మనసుకి ఎందుకంత హాయిగా ఉంటుందో నేనెన్నిసార్లు ఆలోచించినా నాకు ఆశ్చర్యమే, దాన్ని విడమర్చి చెప్పడం నావల్ల కాదు.

నువ్వే చూడు. ఆదివారం పొద్దున్న మీ గేటు దగ్గరికి కూరల బండి వస్తుంది కదా, అమ్మతో పాటు కిందికి దిగు. కూరలు కొనడం అయిపోయాక కూడా ఎవరెవరు అక్కడే నిలబడ్డారో, వాళ్ళ చేతిలో సంచి బరువుగా ఉన్నా ఎందుకు కదలట్లేదో గమనించు. వాళ్ళలో నీకు పేరు తెలియని ఒకరిని పేరడిగి, నాకు ఉత్తరం రాయి. ఫోన్ కాదు, ఉత్తరమే.

మీ తాతయ్య