ఈశాన్యం పల్లం చేయించే ముందు మురుగు ఎటు పోతుందో చూడండి

కోనసీమలో ఇళ్ల ప్లాన్లు గీస్తూ ఇరవై ఏళ్లు దాటింది. ఈ వానాకాలంలో, వాస్తు కోసం మెరక చేయిస్తే నీళ్లు నిలిచాయంటూ ఒకే రకం ఫోను నాలుగోసారి వచ్చాక ఇక రాయక తప్పలేదు.

అపోహ: నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం, ఏ ఊళ్లో కట్టినా ఇదే.

వాస్తవం: జనానికి ఎక్కువ ఖర్చు పెట్టిస్తున్న మాట ఇదేనండి. మన డెల్టా ధవళేశ్వరం నుంచి సముద్రం వైపు, మొత్తం మీద ఆగ్నేయానికి వాలి ఉంటుంది. పంట కాలువలు మెరక మీద, మురుగు కాలువలు పల్లంలో నడుస్తాయి. ఇక్కడి రైతు పొలం గుర్తు చెప్పేటప్పుడు కూడా ఎగువ, దిగువ అనే అంటాడు, ఆ రెండూ నీరు చెప్పిన దిక్కులు. తూర్పుకో ఉత్తరానికో వాలిన నేల మంచిదని వాస్తు గ్రంథాలు అన్నది స్థలం ఎంచుకోవడం గురించి. కొనేశాక లారీలతో మట్టి తోలించి వాటం తిప్పేస్తే నీళ్లు ఎక్కడికి పోతాయి?

ఒక పెద్దావిడ, కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు, ఎవరో చెప్పారని నైరుతిలో రెండడుగులు మెరక చేయించింది. మురుగు కాలువేమో ఆగ్నేయం వైపు. మొదటి వానకే ఈశాన్యంలో ఉన్న నూతి చుట్టూ మోకాలి లోతు నీళ్లు నిలిచి, మురుగు గట్టు మీదుగా నూతిలోకి దిగింది. "ఇంజినీరు గారండీ, నేను మంచికే చేశానండి" అని ఏడ్చింది. ఆవిడ తప్పేముంది? భయపెట్టినవాళ్లని అనాలి. మెరక తీయించి, వాటం సరిచేసి, నూతి గట్టు పెంచి, నీరు తోడించేసరికి కొడుకు పంపిన రెండు నెలల డబ్బు అయిపోయింది.

అపోహ: దక్షిణ సింహద్వారం అరిష్టం.

బీజింగ్‌లో చక్రవర్తుల కోట ముఖమే దక్షిణానికి. చలి దేశం, వాళ్లకి దక్షిణపు ఎండ కావాలి. మన అంతర్వేది స్వామి పడమర చూస్తాడు. ఇక్కడ నమాజు మక్కా వైపు, అంటే పడమరకి కాస్త ఉత్తరంగా తిరిగి చేస్తారు, అదే కైరోలో అయితే ఆగ్నేయానికి. గుమ్మం మూయించే ముందు ఇవి గుర్తు తెచ్చుకోండి.

అపోహ: సూర్యుడు పొడిచిన చోటే తూర్పు.

మన దగ్గర డిసెంబరులో దక్షిణానికి, జూన్‌లో ఉత్తరానికి సుమారు 24 డిగ్రీలు జరిగి పొడుస్తాడు. ఫోను కంపాస్‌ని ఇనుప చువ్వల కట్ట మీద పెట్టి చూడకండి, ముల్లు చువ్వల వైపు లాగుతుంది.

అపోహ: ఇంటి మధ్య ఖాళీ వదిలితే స్థలం దండగ.

చిదంబరంలో ఆ ఖాళీనే ఆకాశలింగంగా కొలుస్తారు. మన పాత తత్వశాస్త్రాల్లో ఒకటైన వైశేషికం వాళ్లు ప్రపంచానికి మూలమన్న తొమ్మిది ద్రవ్యాల్లో ఆకాశాన్నీ, దిక్కునీ రెండు వేర్వేరు ద్రవ్యాలుగా లెక్కపెట్టారు. న్యూటన్ స్థలాన్ని, అంటే స్పేస్‌ని, కదలని పెట్టెలా ఊహిస్తే, ఐన్‌స్టీన్ 1915లో పదార్థం దాన్ని వంచుతుందని చూపించాడు. ఎవరూ అది ఊరికే పడి ఉన్న ఖాళీ అనలేదు.

మా తాతగారిది మండువా లోగిలి, ఇంటి నడుమ కప్పు లేని ఖాళీ ఉండేది. వాన పడితే నాలుగు చూరుల నీళ్లూ మండువాలో దిగేవి, మేం కాగితం పడవలు వేసేవాళ్లం, అవి గిర్రున తిరిగి తూము దగ్గర ఇరుక్కునేవి. ఆ తూము ఆగ్నేయానికి ఉండేది. మురుగు బోదె అటే మరి, కట్టిన మేస్త్రి దాన్ని చూసే పెట్టాడు.