రెప్లికా స్పోర్ట్స్ కారు కొంటున్నారా? ముందు కిందికి వంగి చూడండి

నల్లగొండలో నాది డెంటింగ్, ఫైబర్ పని షెడ్డు. అప్పుడప్పుడూ ఎవరో ఒక తమ్ముడు ఫోన్‌లో వీడియో పట్టుకొని వస్తాడు: "అన్నా, పాత కారును ఫెరారీ లెక్క చేసిండ్రట, తీసుకోవచ్చా?" అలా అడిగేవాళ్ల కోసమే ఇది.

అపోహ: కిట్ కారంటే దొంగ బండి.

వాస్తవం: కాదు. విడిభాగాలు కొనుక్కొని మనమే బిగించుకునేది కిట్. 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ను ఇంగ్లండ్‌లో అలాగే కొనేవాళ్లు, ఎందుకంటే పూర్తి కారుకు పడే పన్ను విడిభాగాలకు పడేది కాదు. 1973 నుంచి దాన్ని కేటర్‌హామ్ వాళ్లు తయారు చేస్తున్నారు. మన దగ్గర చింకారా మోటార్స్ అదే పోలికలో రోడ్‌స్టర్ (టాప్ లేని రెండు సీట్ల కారు) చేసింది. ఇంజన్ అంబాసిడర్‌కు వాడిన 1.8 లీటర్ల ఇసుజు. రెప్లికా సంగతి వేరు. అది ఇంకో కారు ముఖం తొడుక్కున్న బండి. మన రోడ్ల మీద కనిపించేవి ఎక్కువగా ఇవే.

అపోహ: పాత కారు ఆర్‌సీ ఉంది కదా, టెన్షన్ లేదు.

వాస్తవం: అసలు టెన్షన్ అదే. ఆర్‌సీలో ఒక బండి, ఎదురుగా ఇంకో బండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 దీన్ని ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన అసలు రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బాధ్యత ఓనర్‌దే. "బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మనోడే" అనే మాట నమ్మి డబ్బు పెట్టకండి.

అపోహ: పెయింట్ మెరుస్తుంటే పని బాగున్నట్టే.

వాస్తవం: పెయింట్ నేనూ మెరిపించగలను. చూడాల్సింది కింద. జీపుకు విడిగా ఛాసిస్, అంటే బండి బరువు మోసే కింది చట్రం, ఉంటుంది, బాడీ తీసేసినా అది నిలబడుతుంది. మామూలు చిన్న కార్లలో బాడీయే ఛాసిస్. అలాంటి కారు టాప్ కోసి, కింద సరిగ్గా బలం కట్టకపోతే నడుము వంగుతుంది. ముందు ఒక మూల జాకీతో లేపి డోర్ వేసి చూడండి. నేల మీద బాగా పడిన డోర్ ఇప్పుడు లాక్ దగ్గర పట్టేస్తే, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

అపోహ: ఫైబర్ అంటేనే నాసిరకం.

వాస్తవం: చేసే చేతిని బట్టి. మే నెల మధ్యాహ్నం ఒకసారి తొందరలో మగ్గు నిండా రెజిన్ (ఫైబర్ పొరలను అతికించే జిగురు) తీసుకొని, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఎక్కువ పోశాను. బ్రష్ ముంచేలోపే గడ్డకట్టి పొగలు! మగ్గు సొట్టపోయింది. ఆ రెజిన్ గనక బానెట్ మీద పడి ఉంటే తర్వాత పగుళ్లే. రూపాయి బిళ్లతో ప్యానెల్ అంతా కొట్టుకుంటూ పోండి. ఒకచోట డొల్లగా మోగిందంటే లోపల పొరలు అతకలేదు.

అపోహ: సగం కట్టిన బండి చౌక.

వాస్తవం: మిగిలిన సగంలోనే ఖర్చంతా ఉంటుంది. వైరింగ్, డోర్ రబ్బర్లు, రేడియేటర్‌కు గాలి దారి. అన్నిటికంటే ముఖ్యం ముందరి అద్దం. అది ఏ మోడల్‌దో అమ్మేవాణ్ని అడగండి. "చేయించినం అన్నా" అంటే, చిట్యాల దగ్గర ఒక రాయి ఎగిరొచ్చి తగిలిన రోజు మళ్లీ అతని ఇంటికే పోవాలి.